బడి ఫీజునకు సాయమడుగుట బిచ్చమా?

మన మధ్యతరగతి గృహములలో ఒక విచిత్రమైన మర్యాద పాతుకొనియున్నది. పెండ్లికి అప్పు చేయుట పరువు. బడి ఫీజునకు సాయమడుగుట పరువుతక్కువ. పందిరికిని బాజాలకును చేబదులు తెచ్చుటకు జంకని గృహస్థుడు, "ఈ యేడు పూర్తి ఫీజు కట్టజాలను, కొంత తగ్గింపుడు" అని బడి యాజమాన్యమునకు రెండు పంక్తులు వ్రాయుమన్నచో తల వంచుకొనును. ఇల్లాలి మెడలోని గొలుసు కుదువకు పోవును గాని ఆ యుత్తరము మాత్రము బడికి పోదు. ఇది మర్యాద కాదనియు, దీని బరువు కడపట పిల్లలమీదనే పడుచున్నదనియు మేము చెప్పదలచితిమి.

మన పెద్దల కాలమున వారములు చెప్పుకొని చదువుట యుండెడిది. ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, పూటకూటికి తడుముకొనకుండ విద్య ముగించినవారెందఱో. వారిని బిచ్చగాండ్రని లోకమనలేదు. విద్యార్థికి అన్నము పెట్టుట గృహస్థధర్మమనియే తలచినది. అయితే ఆ ధర్మమునందు రెండు లోపములుండెను. అది కులము చూచి వడ్డించిన అన్నము. మగపిల్లవానికే వడ్డించిన అన్నము. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల తెఱచిరి గాని, ఆడుపిల్లకు వారమిచ్చు ఆచారము మన వీథులలో పుట్టలేదు.

ఆ రెండవ లోపము నేటికిని వేషము మార్చుకొని బ్రదికియున్నది. ఇద్దఱు పిల్లలుండి ఒక్కరి ఫీజునకే సొమ్ము చాలిన యింట, ప్రైవేటు బడిలో నిలుచునది చాలవఱకు కొడుకే. బడి మాఱునది కూతురే. హాజరుపట్టీ పిలుచు వృత్తిలోనున్న మేము, జూన్ నెలలో ఏ పేరునకు బదులు రాదో ఎఱుగుదుము. తండ్రి అడుగలేకపోయిన సిగ్గునకు కూతురు మూల్యము చెల్లించుచున్నది. దీనిని అభిమానమందుమా?

ఇక శాసనమేమనుచున్నదో చూతము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. ప్రభుత్వసహాయము పొందని ప్రైవేటు బడులు సైతము ఒకటవ తరగతిలో కనీసము 25 శాతము స్థానములను బలహీనవర్గముల పిల్లలకిచ్చి, ఎనిమిదవ తరగతి ముగియువఱకు ఉచితముగా చదువు చెప్పవలెనని దాని 12వ విభాగము విధించినది. ఆ వ్యయమును ప్రభుత్వము నిర్ణీతమైన మేరకు బడికి చెల్లింపవలెను. 2012 ఏప్రిల్ 12వ తేదీన సుప్రీంకోర్టు ఈ నియమమును, సహాయము పొందని అల్పసంఖ్యాకుల బడులను మినహాయించి, సమర్థించినది. అయినను మన తెలుగునాట ఇది ఏండ్ల తరబడి కాగితము దిగి రాలేదు. అడుగువారు లేని హక్కును ఏ ప్రభుత్వము వాకిటికి తెచ్చి యిచ్చును?

ధనసాయమును కొత్తది కాదు. ఆంధ్రప్రదేశమున 2020 జనవరిలో "అమ్మఒడి" పేర తల్లుల ఖాతాలకు ఏటికి 15,000 రూపాయల సాయము మొదలైనది. 2025లో "తల్లికి వందనం" పేర ఇంటిలోని అర్హులైన పిల్లలందఱికిని అది వర్తించినది. ప్రైవేటు బడి పిల్లలును దీనికి వెలి కారు. ప్రభుత్వమే సాయము పొందదగినదని యొప్పుకొన్న అవసరమును మనము మాత్రము దాచవలసిన రోగమువలె చూచుటేల?

"కట్టలేనివాడు సర్కారు బడికి పంపరాదా?" అని కొందఱందురు. నిరభ్యంతరముగా పంపవచ్చును, సర్కారు బడిని చిన్నచూపు చూచువారము మేము కాము. పేరుపలక మెఱుపులకు మురిసి, తాహతునకు మించిన బడిలో చేర్చి, పిదప చేయి చాచుమని మేము ఎవరికిని చెప్పము. కాని తొమ్మిదవ తరగతి నడుమ తండ్రి ఉద్యోగము పోయినచో, లేదా ఇంట జబ్బు చొచ్చినచో, ఆ పిల్లను ఆ నడుమనే పెఱికి వేఱొకచోట నాటుమనుట న్యాయము కాదు.

"ఫీజులు లేక ఉపాధ్యాయుల జీతములెట్లు?" అని యాజమాన్యములందురు. జీతము మీదనే బ్రదుకు మాకు ఆ ప్రశ్న బరువు తెలియును. బడి నడుచుటకు సముచితమైన మిగులు ఉండవచ్చును గాని లాభార్జన తగదని 2002లో టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. ఎందఱికి, ఏ ఆదాయమువారికి, ఎంత తగ్గింపు ఇత్తురో వ్రాసి గోడకు అంటించిన బడికి ఏ నష్టమును రాదు. నియమము లేనిచోట సిఫారసు రాజ్యమేలును. సిఫారసు లేని బీద వెలుపల నిలుచును.

అన్నింటికంటె ఘోరమైనది మఱొకటి. బాకీ పెద్దలది, పరీక్షగది వెలుపల నిలువబడునది పిల్ల. పిల్లలను మానసికముగా వేధింపరాదని పై చట్టపు 17వ విభాగము నిషేధించుచున్నది. తోటిపిల్లల యెదుట ఫీజు బాకీ చదివి వినిపించుట వేధింపు కాక మఱేమి?

కావున తలిదండ్రులకు మా మనవి యిది. జూన్ వచ్చువఱకు ఆగక వేసవిలోనే అడుగుడు. ఆదాయ ధ్రువపత్రము జతపఱచి, ఎంత కట్టగలరో, ఎన్ని వాయిదాలు కోరుదురో వ్రాసి యిండు. ప్రత్యుత్తరమును వ్రాతలోనే కోరుడు. దాతలకును ఒక మాట: సొమ్మును బడి ఖాతాకే కట్టి రసీదు పుచ్చుకొనుడు. పిల్లచేతికి చెక్కిచ్చి ఛాయాచిత్రము తీయించి పత్రికకెక్కించు దానము, ఆ పిల్ల ముఖమును అద్దెకు పుచ్చుకొనుటయే.

సిగ్గుపడవలసినవారు ఈ వ్యవహారమున లేకపోలేదు. ఉన్న చట్టమును అమలు జరుపనివారు, బాకీకై పిల్లను వెలుపల నిలిపినవారు, ఇచ్చిన చేతిని పదిమందికి చూపినవారు సిగ్గుపడవలెను. కూతురి చదువు నిలుపుటకై ఉత్తరము వ్రాసిన తండ్రి తల యెత్తుకొనియే నడువవచ్చును.