గుండె మాత్ర అందరికీ ఒకేలా పనిచేస్తోందా?

దమ్మాయిగూడ, నాగారం, కీసర ప్రాంతాలలో ఇప్పుడు ఏ బస్తీకి వెళ్లినా గుండెకు స్టెంటు వేయించుకున్నవారు ఒకరిద్దరైనా కనిపిస్తారు. వీరిలో పొలం పనులు చేసినవారున్నారు, చర్లపల్లి, కుషాయిగూడ, నాచారం కార్ఖానాలలో రాత్రి షిఫ్టులు చేసినవారున్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చాలామంది చేతికి దాదాపు ఒకే చీటీ వస్తుంది: ఆస్పిరిన్ ఒకటి, క్లోపిడోగ్రెల్ ఒకటి, రోజూ తప్పకుండా. చీటీ ఒకటే గాని దాన్ని మింగే మనుషులు ఒకటి కారు. ఒకరికి ఆ గోలీ కంచెలా కాపలా కాస్తే, మరొకరికి మింగినా మింగనట్టే ఉంటుంది. ఈ తేడా ఎందుకన్న ప్రశ్నపై ప్రపంచంలో చాలాకాలంగా పరిశోధన సాగుతోంది. మన ప్రాంతీయులు దీన్ని దూరపు సంగతిగా భావించరాదు.

ప్లేట్‌లెట్లు అనే మాట డెంగీ జ్వరాల పుణ్యమా అని పల్లెల్లో చిన్నపిల్లలకు సైతం తెలుసు. గాయమైనప్పుడు ఒకదాన్నొకటి పట్టుకొని నెత్తురు కారకుండా ఆపేవి అవే. గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకున్నచోట పొర చిట్లినా, అదీ గాయమేననుకొని అవి గుమిగూడతాయి. దారి మూసుకుపోతుంది, గుండెపోటు వస్తుంది. కొత్తగా అమర్చిన స్టెంటు లోహం మీదా అవి అలాగే చేరతాయి. ఈ గుమిగూడడాన్ని ఆపేందుకే ఆస్పిరిన్. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో తయారైన ఈ నొప్పుల మందు లోగుట్టును 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ విప్పాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. 1988లో ఐసిస్-2 అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. అందులో 17 వేలమందికి పైగా గుండెపోటు రోగులున్నారు. నెలరోజులు ఆస్పిరిన్ తీసుకున్నవారిలో గుండె, రక్తనాళాల జబ్బు మరణాలు 23 శాతం తగ్గాయి. కప్పు చాయ్ ధరకు రెండు వారాలు వచ్చే మాత్ర చేసిన పని ఇది!

క్లోపిడోగ్రెల్ కథ వేరు. అది వడ్ల వంటిది. మర పట్టిస్తే తప్ప బియ్యం కాదు. కడుపులోకి వెళ్లిన మందును కాలేయంలోని కొన్ని ఎంజైములు మార్చితేనే అది ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుంది. వాటిలో ముఖ్యమైనది సివైపి2సి19. ఈ ఎంజైమును తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. కొందరికి వాటిలో ఒకటి, మరికొందరికి రెండూ పుట్టుకతోనే చెడి ఉంటాయి. అప్పుడు మందు పూర్తిగా మారదు. మన దేశంలో, ముఖ్యంగా దక్షిణాదిన జరిగిన జన్యు పరీక్షలను బట్టి చూస్తే సుమారు సగం మందిలో ఇటువంటి జన్యువు కనీసం ఒకటి ఉంది. రెండూ చెడినవారు పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా తేలుతున్నారు. తెల్లజాతివారిలో ఈ రెండో తరగతి నూటికి ఇద్దరే. పుదుచ్చేరిలోని జిప్మర్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం తమిళ గుండె రోగులలోనూ ఈ జన్యువుకు, మందు పనితనానికి సంబంధం ఉందని చూపింది.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010 మార్చిలో క్లోపిడోగ్రెల్ సమాచార పత్రంలో ఈ విషయమై పెద్ద హెచ్చరిక ముద్రింపజేసింది. హవాయి రాష్ట్రం మరో అడుగు వేసి, తమ ద్వీపవాసులలో ఎందరికో ఈ మందు సరిగా పనిచేయదన్న సంగతి దాచారంటూ కంపెనీలను కోర్టుకు ఈడ్చింది. 2024లో అక్కడి కోర్టు 91 కోట్ల డాలర్లకు పైగా జరిమానా విధించింది. మన దేశంలో ఇదే జన్యువు ఇంత విరివిగా ఉన్నా, సామాన్య రోగి చెవిన ఈ మాట వేసినవారు లేకపోవడం శోచనీయం.

అలాగని రేపే అందరూ జన్యు పరీక్షకు పరుగెత్తవలసిన పనిలేదు. ఆ పరీక్ష చేసి మందు మార్చితే ఎంత మేలన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. 2020లో వెలువడిన టైలర్ పీసీఐ పరీక్షలో 5,302 మంది పాల్గొన్నారు. చెడిన జన్యువు ఉన్నవారిని చూస్తే, పరీక్ష ప్రకారం మందు మార్చినవారిలో ఏడాదిలో నూటికి నలుగురికి, మార్చనివారిలో నూటికి ఆరుగురికి గుండెపోటు వంటి ప్రమాదాలు వచ్చాయి. తేడా ఉంది గాని గణాంకశాస్త్రం గీసిన గీతను అది కొద్దిలో దాటలేకపోయింది. పైగా ఆ పరీక్ష అమెరికా, కెనడా, మెక్సికో, దక్షిణ కొరియాలలో జరిగింది. మన దేశం అందులో లేదు. కాలేయంతో నిమిత్తం లేకుండా పనిచేసే టికాగ్రెలార్ ఉన్నమాట నిజమే. అయితే దాన్ని రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, ఖరీదు ఎక్కువ, రక్తస్రావం భయం కొంత ఎక్కువ, కొందరికి ఆయాసం వస్తుంది. ఎవరికి ఏది అన్నది వైద్యుడు తేల్చవలసిందే.

జన్యువుల సంగతి అలా ఉండగా, మాత్ర పనిచేయకుండా పోవడానికి మన చేతులలోనే ఉన్న కారణాలు ఇంకా ఉన్నాయి. వీటిగురించి మాట్లాడేవారే తక్కువ. మొదటిది గ్యాస్ గోలీ. కడుపు మంట అనగానే దుకాణంలో అడగకుండానే చేతిలో పడేది ఒమెప్రజోల్. క్లోపిడోగ్రెల్‌ను మార్చవలసిన ఆ ఎంజైమునే ఇది అడ్డుకుంటుంది. రెండూ కలిపి వాడవద్దని 2009లోనే అమెరికా సంస్థ హెచ్చరించింది. పాంటోప్రజోల్ వంటివాటికి ఈ దోషం తక్కువ. స్టెంటు ఉన్నమనిషి ఆ మాట ముందుగా దుకాణదారుకు చెప్పాలి, దుకాణదారు అడగాలి. ప్రస్తుతం ఇద్దరూ మౌనమే!

రెండవది మోకాళ్ల నొప్పుల గోలీ. ఐబుప్రొఫెన్ ముందుగా వేసుకొంటే అది బస్సు సీటులో తువ్వాలు వేసినట్టు ఆస్పిరిన్ కూర్చోవలసిన చోటు ఆక్రమిస్తుంది. వెనుక వచ్చిన ఆస్పిరిన్ పని చేయకుండానే పోతుంది. నాట్లు, కోతల రోజుల్లో ఒళ్లు నొప్పులకు ఈ గోలీలు ఎన్ని అమ్ముడవుతాయో ఆర్‌ఎంపీలకు తెలియనిది కాదు. సుగర్ ఉన్నవారిలో కొత్త ప్లేట్‌లెట్లు త్వరత్వరగా పుడతాయి కనుక ఉదయం వేసుకొన్న ఆస్పిరిన్ ప్రభావం మరునాటి దాకా నిలవకపోవచ్చునని కూడా పరిశోధకులు గమనించారు.

మూడవది, అన్నిటికంటె పెద్దది, మాత్ర మానేయడం. ఒంట్లో బాగుంది కదా అని, ఉపవాసమని, పన్ను పీకించుకోవాలని, డబ్బులు లేవని మానేసేవారెందరో. స్టెంటు వేసిన కొత్తలో ఇలా మానేస్తే నాళం ఒక్కసారిగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. "మందు పనిచేయలేదు" అన్న కేసులలో కొన్ని నిజానికి మందు వేయని కేసులు. 2013లో అమెరికాలో 400 మంది ఆరోగ్యవంతులపై జరిగిన ఒక పరీక్షలో, ఆస్పిరిన్‌కు లొంగనట్టు కనిపించినవారు సైతం సరిగా పరిశీలిస్తే లొంగినవారేనని తేలింది. మాత్రపై ఉన్న పూత వల్ల మందు ఆలస్యంగా దిగడమే అసలు సంగతి.

ప్రభుత్వం చేయవలసింది కూడా ఉంది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో మరణాలను లెక్కిస్తే నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. గుండెపోటు పట్నపు జబ్బన్న మాట అప్పుడే చెల్లిపోయింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యాన పేదవానికీ స్టెంటు అందుతోంది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఇది ఆహ్వానించదగినదే. కాని స్టెంటుకు అంత ఖర్చుపెట్టి, ఆపైన రోజుకు కొద్ది రూపాయల గోలీ దగ్గర మనిషిని వదిలేయడం ఎక్కడి పొదుపు? ఆరోగ్య కేంద్రాలలో ఈ రెండు మాత్రలూ నెలనెలా తప్పకుండా ఉండాలి. ఆసుపత్రి చీటీ వెనుక ఏవి కలిపి వాడరాదో, మలం నల్లగా వస్తే వెంటనే వైద్యుణ్ణి చూడాలని, చెప్పకుండా మాత్ర ఆపరాదని తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి.

పరిశోధనకు వస్తే, హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డుపై సీసీఎంబీ ఉండనే ఉంది. గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యులోపం దక్షిణాసియావారిలో నూటికి నలుగురికి ఉందని 2009లో ప్రపంచానికి చాటిన బృందానికి నాయకత్వం వహించినది ఆ సంస్థ శాస్త్రవేత్తలే. పంజగుట్టలో నిమ్స్ ఉంది. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులున్నాయి. ఆరోగ్యశ్రీలో స్టెంటు పొందినవారి జాబితా సర్కారు దగ్గరే ఉంది. వారి సమ్మతితో, పేర్లు గోప్యంగా ఉంచి, ఎవరు ఏ మాత్ర వాడారు, ఎవరికి మళ్లీ గుండెపోటు వచ్చింది, వారి జన్యువు ఏమిటి అన్నది రెండేళ్లు పట్టుగా గమనిస్తే తెలుగువారికి సరిపోయే జవాబు తెలుగునేల మీదే దొరుకుతుంది. దమ్మాయిగూడ, కీసర ఆరోగ్య కేంద్రాలతో మొదలుపెట్టినా చాలు. కావలసింది ఒక రిజిస్టరు, నెలకొకసారి ఇంటికి వెళ్లి మాత్రల అట్ట చూసే ఆరోగ్య కార్యకర్త, హబ్సిగూడ దాకా వెళ్లే కొన్ని రక్తపు సీసాలు.