గొంతులేనివారి కోసం పనిచేసేవారి ఎంపిక ఎలా ఉండాలి?

రైల్వే కొలువుల కోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన బిలాస్‌పూర్ నుంచి ముంగేలి వెళ్ళే దారిలో ఉన్న చిన్న పట్టణం తఖత్‌పూర్. ఆ బ్లాకులోని సకరీ ప్రాంతంలో, వాడకంలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో, 2014 నవంబర్ 8న కుటుంబ నియంత్రణ శిబిరం జరిగింది. ఒకే వైద్యుడు కొన్ని గంటల వ్యవధిలో 83 మంది మహిళలకు శస్త్రచికిత్సలు చేశాడు. వారిలో 13 మంది మరణించారు.

ఆ దారుణం ప్రభుత్వ విచారణతోనే ముగిసిపోలేదు. ఆరోగ్య హక్కుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు గ్రామాలకు వెళ్ళి బాధిత కుటుంబాలతో మాట్లాడి నివేదికలు రూపొందించాయి. అంతకుముందే, బీహార్‌లోని అరారియా జిల్లాలో 2012లో జరిగిన శిబిరంపై దేవికా బిశ్వాస్ అనే కార్యకర్త సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ వ్యాజ్యంలో బిలాస్‌పూర్ మరణాలనూ పరిగణనలోకి తీసుకున్న న్యాయస్థానం, ఇటువంటి శిబిరాలకు మూడేళ్ళలో స్వస్తి చెప్పాలని 2016 సెప్టెంబర్ 14న ఆదేశించింది.

ఈ పనికి మూలం ఇంటి గడపలో కూర్చొని దుఃఖితుల మాట ఓపికగా వినగల మనిషి. కానీ అటువంటి మనిషిని ఎన్నుకొనే ఇంటర్వ్యూలు తరచుగా మరో తీరున సాగుతుంటాయి. చిన్న పట్టణపు అభ్యర్థి సొంత ఖర్చుతో రాజధానికి వెళ్ళాలి. ఛత్తీస్‌గఢీలో పనిచేయవలసిన ఉద్యోగానికి ఇంగ్లీషులో పరీక్ష పెడతారు. జీతం ఎంతో, కాంట్రాక్టు ఎన్ని నెలలో చివరిదాకా చెప్పరు. ఎంపిక కానివారికి ఆ కబురైనా అందదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కోసం ఉద్యమించిన రంగంలో జీతం అంకె రహస్యం కావడం విడ్డూరం.

ఇందుకు భిన్నమైన మార్గం ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. 2002లో ప్రారంభమైన ‘మితానిన్’ పథకంలో ఆరోగ్య కార్యకర్తను ఎన్నుకొన్నది పేటలోని ప్రజలే. ఆమె ఎవరి ఆపదకు నిలబడుతుందో వారికి తెలుసు. కోలారు బంగారు గనుల పట్టణంలో పాకీపని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపి 2016లో మెగసెసే పురస్కారం అందుకొన్నారు. ఆయన అర్హత ఏ ఇంటర్వ్యూ బోర్డు కొలతకూ అందేది కాదు.

సంస్థల ఇబ్బందులనూ విస్మరించరాదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ, ఆ నిధులలో పాలనా వ్యయం పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. దాతలకు నివేదికలు ఇంగ్లీషులోనే పంపవలసి రావచ్చు. ప్రాజెక్టు ముగిస్తే కొలువూ ముగుస్తుంది. అయితే నివేదిక రాయడం ఆరు నెలల్లో నేర్పవచ్చు. ఎదుటివారి నమ్మకాన్ని పొందడం అంత తేలికగా నేర్పగలిగేది కాదు. జీతం, గడువు ప్రకటనలోనే తెలపడానికి పైసా ఖర్చు కాదు.

కనుక క్షేత్రస్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఆ జిల్లాలోనే, అక్కడి భాషలో జరపడం సమంజసం. అభ్యర్థిని ఒక పూట గ్రామానికి తీసుకువెళ్ళి, ఎంత మాట్లాడాడో కాక ఎంత విన్నాడో గమనించాలి. దారిఖర్చు చెల్లించాలి. ఎంపిక కానివారికి కారణం తెలియజేయాలి.

సకరీ శిబిరానికి వచ్చిన పేద మహిళలను లక్ష్యాల పట్టికలోని అంకెలుగా చూడడమే నాటి అసలు నేరం. ఆ నేరాన్ని ఎత్తిచూపే సంస్థలు తమ గుమ్మం ముందు నిలిచిన నిరుద్యోగిని దరఖాస్తు సంఖ్యగా చూడకూడదు. ప్రభుత్వాన్ని జవాబుదారీతనం కోరే నైతిక హక్కు సొంత కార్యాలయం నుంచే మొదలవుతుంది.