దెబ్బ తగిలితే ఆ రోజే చెప్పండి



సంక్రాంతి సంచికలో ముగ్గుల గురించి, మొన్నటి పిల్లల నాటకం గురించి రాద్దామనుకున్నాం. కానీ నవంబరులో జరిగిన సంగతి మీ అందరికీ తెలుసు. దాన్ని పక్కన పెట్టి మరో మాట రాయడానికి చేతులు రాలేదు.

క్యాంపస్ డైనింగ్ హాల్లో పనిచేసే మన కుర్రాడి చేతి మీద మరిగే నూనె పడింది. ఎవరికీ చెప్పలేదు. పసుపు రాసుకుని, గుడ్డ చుట్టుకుని మరుసటి షిఫ్టుకు కూడా వెళ్లాడు. చేయి వాచి జ్వరం ముంచుకొచ్చాక రూమ్మేట్లు ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. అక్కడ కూడా ఇంట్లో వంట చేస్తుంటే కాలిందని రాయించాడు. దేవుడి దయవల్ల చేయి మానుతోంది. అబ్బాయి పేరూ, కాలేజీ పేరూ ఇక్కడ రాయం. దయచేసి ఎవరూ ఆరా తీయకండి.

ఎందుకు దాచావని అడిగితే రెండు మాటలు చెప్పాడు. మేనేజర్‌కి చెబితే షిఫ్టులు తీసేస్తారని ఒకరన్నారట. క్లెయిమ్ వేస్తే వీసా మీదికి వస్తుందని ఇంకొకరన్నారట. ఈ రోజుల్లో పిల్లలు ఎంత బితుకుబితుకుమంటూ ఉన్నారో మనకు తెలుసు. అలాంటి పిల్లల చెవిలో సగం తెలిసిన మాటలు సీనియర్లే కాదు, మనలో పెద్దవాళ్లూ వేస్తున్నారు. తెలియకపోతే తెలియదని చెప్పండి. ఊహించి సలహా ఇవ్వకండి.

ఇప్పుడు తెలిసిన సంగతులు చెబుతాం. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయడం చట్టబద్ధం. జీతం తీసుకుని ఆ పని చేస్తున్నవాడు ఉద్యోగే. పనిలో దెబ్బ తగిలితే వర్కర్స్ కాంపెన్సేషన్ అనే బీమా వర్తిస్తుంది. అది దావా కాదు, ఫిర్యాదు కాదు. తప్పు నీదా, వాళ్లదా అని కూడా చూడదు. నీ చేయి జారి నూనె పడినా వైద్యం ఖర్చు యాజమాన్యానిదే. క్లెయిమ్ కాగితం వెళ్లేది యూనివర్సిటీ తరఫున ఆ లెక్కలు చూసే విభాగానికి, ఇమ్మిగ్రేషన్ శాఖకు కాదు. కార్మిక చట్టాల రక్షణకు ఇమ్మిగ్రేషన్ స్థితితో పని లేదని కాలిఫోర్నియా చట్టంలోనే రాసి ఉంది. క్లెయిమ్ వేశాడని ఉద్యోగంలోంచి తీసేయడం, వేధించడం ఇక్కడ చట్టవిరుద్ధం.

చేయవలసింది ఇది. ఆ రోజే సూపర్‌వైజర్‌కి చెప్పాలి. నోటితో చెప్పి ఊరుకోకుండా రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టాలి: ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది. కాలిఫోర్నియా చట్టం 30 రోజుల గడువు ఇస్తుంది కానీ ఆలస్యమయ్యేకొద్దీ అనుమానాలు పెరుగుతాయి. యాజమాన్యానికి సంగతి తెలిసిన తర్వాత ఒక పనిదినంలోగా డీడబ్ల్యూసీ-1 అనే క్లెయిమ్ ఫారం చేతికివ్వాలి. ఇవ్వకపోతే అడగండి. అది నింపి ఇచ్చాక, క్లెయిమ్ మీద నిర్ణయం తేలేలోగానే 10,000 డాలర్ల దాకా వైద్యానికి అనుమతి ఇవ్వాలి. 90 రోజుల్లో కాదనకపోతే క్లెయిమ్ ఒప్పుకున్నట్టే లెక్క. డాక్టరు పని మానమంటే, మొదటి మూడు రోజులు దాటాక, సాధారణంగా జీతంలో మూడింట రెండు వంతులు వస్తుంది. ఒక్కరోజులో తగిలిన దెబ్బలే కాదు. నెలల తరబడి పిపెట్ పట్టుకున్న మణికట్టు నొప్పి, పెట్టెలు మోసిన నడుము నొప్పి కూడా పని వల్ల వచ్చినవైతే ఇందులోకే వస్తాయి.

మీ మేనల్లుడో, చెల్లెలి కూతురో వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నిబంధనలు వేరుగా ఉండొచ్చు. టెక్సస్‌లో చెప్పడానికి గడువు ఇక్కడిలాగే 30 రోజులు, ఇల్లినాయ్‌లో 45. టెక్సస్‌లో ప్రైవేటు సంస్థలకు ఈ బీమా తప్పనిసరి కూడా కాదు. చేరిన మొదటి వారంలోనే అడిగి తెలుసుకోమనండి.

ఆసుపత్రిలో అబద్ధం చెప్పడం గురించి ప్రత్యేకంగా రాస్తున్నాం, ఎందుకంటే మన పిల్లలు దీన్ని తెలివైన పని అనుకుంటున్నారు. చాలా స్టూడెంట్ హెల్త్ ప్లాన్లు పనిలో తగిలిన దెబ్బకు డబ్బు కట్టవు. అందుకని ఇంట్లో తగిలిందని చెబుతారు. అప్పుడు డిడక్టిబుల్, కోపే అన్నీ నెత్తిన పడతాయి. రేపు నిజం చెబుదామన్నా ఆసుపత్రి రికార్డు ఎదురు తిరుగుతుంది. మన కుర్రాడి విషయంలో ఇప్పుడు చిక్కంతా అక్కడే ఉంది. పనిలో తగిలింది అని మొదటే చెప్పి ఉంటే ఆ బిల్లు అతని దాకా వచ్చేదే కాదు. అంబులెన్స్ బిల్లుకు భయపడి రక్తం కారుతుంటే ఊబర్ కోసం నిలబడే పిల్లలు కూడా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొక గుంపు గురించి మాకు మరీ బెంగ. చదువయ్యాక పనిచేయడానికి దొరికే ఓపీటీలో, ఉద్యోగం లేకుండా ఉండగల 90 రోజుల లెక్క దాటిపోకుండా ప్రొఫెసర్ల ల్యాబుల్లో జీతం లేకుండా వాలంటీర్లుగా చేరుతున్నవాళ్లు. మన సంఘంలో చాలా ఇళ్లలో ఇలాంటి పిల్లలున్నారు. జీతం లేనివాళ్లకు, ఒక్కోసారి ఫెలోషిప్ మీద ఉన్నవాళ్లకు కూడా, వర్కర్స్ కాంపెన్సేషన్ వర్తించకపోవచ్చు. ల్యాబులో అడుగుపెట్టకముందే, నాకు దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు అని రాతపూర్వకంగా అడగండి. అడిగినందుకు ఏ మంచి ప్రొఫెసరూ తప్పుపట్టడు.

ల్యాబుల్లో పనిచేసేవాళ్లు యూసీఎల్ఏ సంగతి చదవాలి. 2008 డిసెంబరు 29న షెహర్బానో సాంగ్జీ అనే 23 ఏళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ వాడుతున్న టెర్ట్-బ్యూటైల్‌లిథియం అనే రసాయనం గాలి తగిలి అంటుకుంది. ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు. 2009 జనవరి 16న చనిపోయింది. ఆ ల్యాబులో కోట్లు వేసుకోవడం లేదని అంతకు రెండు నెలల ముందు తనిఖీలోనే తేలింది. సరిదిద్దలేదు. ఆమె జీతం మీద పనిచేసే ఉద్యోగి కాబట్టి కాలిఫోర్నియాలో పనిచోట భద్రత చూసే కాల్-ఓషా రంగంలోకి దిగి యూనివర్సిటీకి 31,875 డాలర్ల జరిమానా వేయగలిగింది. ఆ తర్వాత క్రిమినల్ కేసు కూడా నడిచింది. చిన్న మంట, చిన్న షాక్, చిన్న లీకు కనిపించిన రోజే రాసి చెబితే, పక్క బెంచీ మీద పనిచేసే ఇంకొకరి బిడ్డ కూడా క్షేమంగా ఇంటికి వెళుతుంది.

ఇక తల్లిదండ్రులకు. ఒంగోలులో ఉన్నా, ఖమ్మంలో ఉన్నా, ఇక్కడే ఫ్రీమాంట్‌లో ఉన్నా ఈ మాట మీకే. ఎవరితోనూ పేచీ పెట్టుకోకు నాన్నా, తలవంచుకుని పని చేసుకో అని ఫోనులో చెబుతుంటాం. అప్పు చేసి పంపిన బిడ్డ చల్లగా ఉండాలనే చెబుతాం. కానీ ఆ మాట పట్టుకుని వాడు కాలిన చేతిని కూడా దాచుకుంటున్నాడు. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు చదువెలా ఉంది, తిన్నావా అని అడిగాక ఇంకొక్క ప్రశ్న అడగండి: పనిలో ఏమైనా దెబ్బ తగిలిందా? తగిలిందంటే కోప్పడకండి. ఖర్చు ఎంతని అడగకండి. ముందు చెప్పరా, మేమున్నాం అనండి.

గంటలు దాటి పనిచేసినవాళ్లు, క్యాంపస్ బయట అనుమతి లేకుండా నగదు తీసుకుని పనిచేసినవాళ్లు కూడా గాయాన్ని దాచుకోకూడదు. ముందు వైద్యం చేయించుకోండి. కాకపోతే వాళ్ల ఇమ్మిగ్రేషన్ చిక్కులు వేరు కాబట్టి ఆ వెంటనే లాయర్‌తో మాట్లాడాలి, వాట్సాప్ గ్రూపుతో కాదు. పిల్లలను అలా పనిలో పెట్టుకుంటున్న మన వ్యాపారస్తులకు ఒక్క మనవి. దెబ్బ తగిలినవాడిని ఇంటికి పంపేసి గల్లా మూసుకోకండి. రాష్ట్ర చట్టం మిమ్మల్నీ వదలదు.

కొన్ని కబుర్లు. ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం మన హాల్లో ఈ విషయం మీదే ఉచిత సమావేశం ఉంది. వర్కర్స్ కాంపెన్సేషన్ లాయర్ ఒకరు, ఇమ్మిగ్రేషన్ లాయర్ ఒకరు వస్తున్నారు. విద్యార్థులకు సభ్యత్వం అక్కర్లేదు, భోజనం ఉంటుంది. కారు లేని పిల్లలను తీసుకురావడానికి డ్రైవర్లు కావాలి, ఆఫీసుకు పేరివ్వండి. దెబ్బ తగిలితే చేయవలసిన పనులన్నీ తెలుగులో ఒక చిన్న కార్డు మీద అచ్చు వేశాం. ఈ సంచికతో పాటు అందుతుంది, పర్సులో పెట్టుకోండి. ఉగాది సంచికకు కథలు, కవితలు ఫిబ్రవరి 15లోగా పంపాలి. వార్షిక చందా కట్టనివాళ్లు ఈ నెలాఖరుకు కట్టండి, మళ్లీ మళ్లీ అడిగించుకోకండి.

నవంబరులో వంతులు వేసుకుని ఆసుపత్రికి క్యారియర్లు మోసిన అక్కయ్యలకు, రాత్రంతా కూర్చున్న రూమ్మేట్లకు, బిల్లు విషయంలో ఆసుపత్రితో ఓపికగా మాట్లాడుతున్న కార్యవర్గ సభ్యులకు సంఘం తరఫున నమస్కారాలు. 

పిల్లలూ, మీరు చెప్పినందుకు ఎవరైనా బెదిరిస్తే మాకు చెప్పండి. మీ వెంట వచ్చి నిలబడతాం.

– సంపాదకవర్గం