పాలు మాన్పిన పందిపిల్లను ఏమని పిలవాలి?

ఆత్మకూరు, ఉదయగిరి మెట్టప్రాంతంలో జీవాలకు పేర్ల కరువు లేదు. పాలు తాగేది లేగదూడ, ఎదుగుతున్న ఆడది పెయ్య, కాడికి రాబోయే మగది కోడె. గేదె సంతానమైతే పడ్డ, దున్న. నెల్లూరు గొర్రెను ఒంటి రంగు, మొహం మీది మచ్చలు చూసి పల్ల, జోడిపి, దొర అని విడదీస్తారు. పంది దగ్గరికి వచ్చేసరికి మన రాతల్లో అన్ని ఈడులకూ ఒక్కటే పేరు: పందిపిల్ల.

ఆ లోటును ఇప్పుడు ‘వీనర్’ అనే ఇంగ్లీషు మాటతో పూడుస్తున్నారు. తల్లిపాలు మాన్పిన పిల్ల అని దాని అర్థం. దాని మూలధాతువుకు పాత ఇంగ్లీషులో ‘అలవాటు చేయడం’ అని అర్థం. పాల నుంచి మేతకు అలవాటు చేయడమన్నమాట. ఆ మాటకొస్తే ‘పిగ్’ అన్నా ఒకప్పుడు పిల్లే, పెద్దదాన్ని ‘స్వైన్’ అనేవారు.

కొనేవాడికి ఈ ఈడు తెలియడం చాలా అవసరం. పంది సుమారు 114 రోజులు మోసి ఈనుతుంది. పుట్టిన పిల్లలు తోసుకుంటూ రొమ్ముల దగ్గరికి చేరి, రెండు మూడు రోజుల్లోనే దేని రొమ్ము అది ఖాయం చేసుకుంటుంది. బలహీనమైనదానికి పాలు తక్కువ పడేది మిగులుతుంది. తల్లిపాలలో ఇనుము చాలదు కాబట్టి కొట్టాల్లో పెంచే పిల్లలకు మొదటి వారంలోనే ఐరన్ సూది వేస్తారు. మూడు నాలుగు వారాలకు పాలు తగ్గుముఖం పడతాయి. ఆలోగా మేత రుచి చూపించకుండా ఒక్కసారిగా తల్లి నుంచి విడదీస్తే పిల్ల పారుడుతో నీరసించిపోతుంది. మన దగ్గర సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు మాన్పిస్తారు. తొందరపడి అంతకు ముందే అమ్మిన పిల్లను కొన్న రైతు నష్టపోతాడు.

పందికి ఇన్ని పేర్లు ఎందుకు అందలేదు? దాన్ని పెంచినవాళ్లను ఊరు దూరంగా పెట్టింది కాబట్టే అనిపిస్తుంది. తరతరాలుగా పందుల్ని మేపిన ఎరుకల వాళ్లపై తెల్లదొరల పాలన నేరస్థ జాతి ముద్ర వేసింది. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం దేశమంతటా 1952లో గానీ పోలేదు. నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా ‘ఫాండ్రీ’ పేరుకు, ఇలాగే ఊరికి దూరమైన కైకాడీల భాషలో పంది అని అర్థం. మన పంది, తమిళుల పన్ఱి, కన్నడిగుల హంది, ఆ ఫాండ్రీ అన్నీ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చినవే. ఇంత పాత మాటను మనం తిట్టుగా వాడుకుంటున్నాం. ‘నందిని పందిని చేయడం’ అనే నానుడి అందులోదే.

అదే పంది పెంపకాన్ని ఇప్పుడు సర్కారు ప్రోత్సహిస్తోంది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం మేలుజాతి సంకర పందుల్ని తయారుచేసింది. జాతీయ పశుసంపద మిషన్ కింద పందుల యూనిట్లకు రాయితీ ఉంది. ఆ రాయితీ దరఖాస్తుల్లో, పెంపకం శిక్షణ పుస్తకాల్లో ‘వీనర్’ బదులు ‘పాలు మాన్పిన పిల్ల’ అని తెలుగులో రాయాలి. పక్కనే పాలు మాన్పిన తేదీకి ఒక గడి ఉంచాలి. అచ్చుకు పంపేముందు మెట్టలో పందుల్ని మేపే ఎరుకల పెద్దల్ని కూర్చోబెట్టి, ఏ ఈడు పిల్లను వాళ్లేమంటారో అడిగి ఆ మాటల్ని పుస్తకంలోకి ఎక్కించాలి. వాళ్ల ఊళ్లూ, పేర్లూ ఆ పుస్తకంలోనే వేయాలి.