ఇంటి నేలకు ఎండ వేడిమి

ఈ సంచికకు వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, తెలుగు బోధించేవాడిని గనుక ఏ ప్రబంధకవిని గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. నేను వ్రాయబూనినది మాత్రం కప్పుమీది ఎండను నేల క్రిందికి దింపి ఇల్లు వెచ్చబరచుకొనే సంగతి. వేసవి వచ్చిందంటే నీడ వెదుకుకొనే మన ప్రాంతంలో ఈ ప్రసంగమేమిటని విద్యార్థులు నవ్వవచ్చును. మన ఆదిలాబాదు చలికి ఒక కంబళి చాలుననుట నిజమే. నేను చెప్పబోయేది కాశ్మీరు, లడఖ్ ప్రాంతాల చలిని గురించి. అక్కడి సరిహద్దులలో కాపలా కాచే జవానులలో మన తెలుగు బిడ్డలున్నారు. శ్రీనగర్‌లోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో మన పిల్లలు చదువుకొంటున్నారు. ఆ చలి మనకు బొత్తిగా పరాయిది కాదు.

'చిల్లా' అనగా నలుబది దినాలని ఉర్దూ విభాగపు విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాశ్మీరులో డిసెంబరు 21 నుండి నలుబది దినాల కఠోర శీతకాలాన్ని 'చిల్లా కలాన్' అంటారు. ఆ పైన ఇరవై దినాలు 'చిల్లా ఖుర్ద్', తరువాత పది దినాలు 'చిల్లా బచ్చా'. కొన్ని సంవత్సరాల క్రితం ఆ పెద్ద చిల్లాలోనే శ్రీనగర్‌లో ఒక మిత్రుని ఇంట వారం దినాలు ఉండవలసి వచ్చింది. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు వీధి మసీదుకు తీసికొని వెళ్ళి, ముందుగా 'హమామ్'లో కూర్చుందామన్నాడు. మన తెలుగువారికి హమామ్ అనగానే సబ్బుబిళ్ళ స్ఫురిస్తుంది, హైదరాబాదు పాత ఇళ్ళలోనైతే స్నానాలగది. అక్కడ అది వేరు. మసీదులో ఒక ప్రత్యేకమైన గది, నేలంతా నున్నని రాతిపలకలు. ఆ పలకల క్రింద బోలుగా ఉన్న చోట కట్టెలు మండిస్తారు. ఆ మంటకే ఒక పెద్ద రాగిపాత్రలో వజూకు నీళ్ళు కాగుతాయి. పలకలమీద కూర్చున్న కొద్దిసేపటికే మోకాళ్ళలో బిగుసుకొన్న చలి వదలిపోయింది. నమాజు ముగిసినా ముసలివారెవ్వరూ లేవలేదు. వారికి ఆ చలికాలంలో అదే రచ్చబండ.

ఇంటిని క్రిందినుండి వెచ్చబరచుట కొత్త విద్య కాదు. ప్రాచీన రోమనులు స్నానశాలల నేలల క్రింద నిప్పు వేడిని పారించారు. కొరియావారు తమ ఇళ్ళలో పొయ్యి పొగనే నేల క్రిందుగా పోనిచ్చి, ఆ ఏర్పాటుకు 'ఓండోల్' అని పేరు పెట్టుకొన్నారు. అన్నింటికీ మూలం కట్టెయే. నా అభ్యంతరమంతా అక్కడనే. హమామ్ ఒక్క చలికాలంలో తినే కట్టె ఎంతో చూచినవారికి తెలుస్తుంది. ఇక ఇళ్ళలో ఫిరన్ లోపల పెట్టుకొనే కాంగ్రీ ఉన్నది. ఆ నిప్పుకుంపటి వలన కడుపుమీద, తొడలమీద కాలిన చర్మంలో పుట్టే పుండు పందొమ్మిదవ శతాబ్దంలోనే వైద్యగ్రంథాలకు ఎక్కింది. మూసిన గదిలో బొగ్గు రాజుకొంటే వెలువడే విషవాయువుకు వాసన లేదు. దానిని పీల్చి నిద్రలోనే కన్నుమూసినవారి వార్తలు చలికాలంలో మనకు కొత్త కావు. కనుక నేల వెచ్చదనం ఉండవలసిందే, నిప్పు స్థానంలో మాత్రం ఎండ ఎంత రాగలదో అంత రావలెనని నా అభిప్రాయం.

ఎండకూ నేలకూ సహజంగానే పొత్తు కుదురుతుంది. గోడకు తగిలించే ఇనుప వేడిపెట్టెలలో నీరు 60, 70 డిగ్రీలు ఉంటే గాని గది వెచ్చబడదు. నేల అట్లా కాదు. గది వైశాల్యమంతా వేడిపలకయే గనుక, గొట్టాలలో 35 నుండి 40 డిగ్రీల నీరు పారితే చాలును. నేలపై 29 డిగ్రీలు మించితే పాదాలకే ఇబ్బంది. చలికాలపు ఎండ నీటిని 40 డిగ్రీలకు తేలికగా తెస్తుంది, 70కి తెమ్మంటే మొరాయిస్తుంది. పైగా పొయ్యి ఉన్న గదిలో తల వేడెక్కి కాళ్ళు గడ్డకడతాయి. నేల వెచ్చగా ఉన్న గదిలో ఆ బాధ లేదు.

నా మిత్రుని కుమారుడు పాలిటెక్నిక్ విద్యార్థి. అతడు ఈ పనికి స్వయంగా పూనుకొని, ఒక గది నేల త్రవ్వి, ప్లాస్టిక్ గొట్టాలను మెలికలుగా పరచి, పైన కాంక్రీటు పోశాడు. కప్పుమీద చెక్కపెట్టెలో నల్లరంగు పూసిన రేకు, దానికి అతికిన రాగి గొట్టాలు, పైన అద్దం. ఒక చిన్న పంపు. డిసెంబరు 21న శ్రీనగర్‌లో మధ్యాహ్న సూర్యుడు దిక్చక్రం నుండి 32 డిగ్రీల ఎత్తుకు మించడు గనుక, పెట్టెను దాదాపు నిటారుగా దక్షిణానికి నిలబెట్టాడు. అందువలన మంచు కూడా దానిపై నిలువదు. ఇంతవరకు అంతా చక్కగానే ఉన్నది. మొదటి గడ్డకట్టే రాత్రి పెట్టెలోని నీరు మంచై, ఒక రాగిగొట్టం నిలువునా చీలింది. దానిని అతుకువేసి, పంపు ఆగగానే నీరంతా క్రింది తొట్టిలోనికి జారిపోయేటట్లు వాలు సరిచేశాడు. అయినా నేల వెచ్చబడలేదు! పెట్టెనుండి వెచ్చని నీరు దిగుతూనే ఉన్నది, గదిలో మాత్రం చలి చలిగానే ఉన్నది. కారణం తెలియడానికి అతనికి ఆ చలికాలమంతా పట్టింది. గొట్టాల క్రింద వేడిని ఆపే పొర ఏదీ వేయలేదు. అతడు వేడిచేసినది గదిని కాదు, భూమిని.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు. తెలుగు మాస్టారుకు లెక్కలేమిటని ఎవరైనా అన్నా సరే. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల గదిలో 8 సెంటీమీటర్ల మందం కాంక్రీటు సుమారు 2,200 కిలోలు తూగుతుంది. అది 5 డిగ్రీలు వెచ్చబడితే రెండున్నర యూనిట్ల విద్యుత్తుకు మించిన వేడిని దాచుకొంటుంది. నాలుగు చదరపు మీటర్ల పెట్టె మంచి ఎండ కాచిన శీతదినాన నాలుగు మొదలు ఆరు యూనిట్ల వేడి ఈయగలదు. కనుక రాబడికి లోటు లేదు. ఇక ఖర్చు చూడండి. అదే గదికి రెండు చదరపు మీటర్ల ఒంటి అద్దపు కిటికీ ఉండి, లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉంటే, పద్నాలుగు గంటల రాత్రిలో ఆ కిటికీ ఒక్కటే మూడు యూనిట్లకు పైగా మ్రింగివేస్తుంది. నేల పగలంతా కూడబెట్టినది తెల్లవారేసరికి ఒక్క కిటికీకే చెల్లిపోతుంది. తలుపు సందులు, కప్పు ఇంకా లెక్కలోనికి రానే లేదు.

అందువలన స్వయంగా చేసికొనేవారు గొట్టాలతో కాక పరదాలతో మొదలుపెట్టవలెనని నేనంటాను. కిటికీకి రెండవ అద్దమో, దూది కుట్టిన మందపు తెరయో వేయాలి. తలుపు సందులు మూయాలి. కప్పు క్రింద పొర పరవాలి. ఆ తరువాతనే నేల త్రవ్వాలి. ఈ వరుస తప్పితే ఎంత గొప్ప యంత్రం కొని తెచ్చినా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్లే. లేహ్ సమీపంలోని ఫే గ్రామంలో, 1988లో ఏర్పడిన లడఖ్ విద్యార్థుల విద్యా సాంస్కృతిక ఉద్యమం వారి ఆవరణ ఇందుకు సాక్ష్యం. మట్టి గోడలు, దక్షిణానికి తెరచుకొన్న గదులు, చలికాలంలో ఆ దక్షిణపు వైపున కట్టే ప్లాస్టిక్ తెర. విద్యార్థుల చేతులు కూడా పడిన ఆ కట్టడాలలో ఎండ తిన్నగా గదిలోనికి వస్తుంది, పంపు లేదు. అమెరికాలో 1959లో హ్యారీ థామసన్ అనే న్యాయవాది వాషింగ్టన్ నగర శివారులో తన ఇల్లు తానే కట్టుకొన్నాడు. కప్పుమీద నల్లరంగు పూసిన ముడుతల రేకుపై నీటిని పారించి, ఆ వేడినీటిని ఇంటి అడుగున తొట్టిలో నిలిపి, చుట్టూ రాళ్ళు పేర్చి, రాళ్ళ మధ్యనుండి గదులలోనికి గాలి ఊదించాడు. అతడు ఇంజనీరింగు సంస్థను పిలువలేదు.

ఇట్టి పనులు నిపుణులకు వదలివేయాలని వాదించే పెద్దలున్నారు. పంపుకు విద్యుత్తు కలిపే పనిలోను, గడ్డకట్టకుండా నీటిలో గ్లైకాల్ కలిపే పనిలోను వారి మాట శిరోధార్యమే. గ్లైకాల్ రకాలలో విషమైనది ఉన్నది, అది త్రాగునీటి గొట్టంతో ఏనాడూ కలువరాదు. మిగిలిన పనిలో మాత్రం ఇంటివాడికి మించిన నిపుణుడు లేడు. ఏ మూలనుండి చలిగాలి వస్తున్నదో ఆ ఇంటి అవ్వకు తెలిసినట్లు బయటివారికి తెలియదు. మరొక మాట కూడా దాచకుండా చెప్పాలి. లడఖ్ ఆకాశం నిర్మలం, కాశ్మీరు లోయలో మబ్బులూ పొగమంచూ దినాల తరబడి కమ్ముకొంటాయి. అటువంటి దినాలకు పొయ్యి ఉండవలసిందే. మసీదు హమామ్‌ను చల్లార్చమని నేను చెప్పడం లేదు. ఆ నీటినైనా ముందు ఎండతో గోరువెచ్చన చేసి తరువాత కట్టె పెడితే ఎన్ని మోపులు మిగులుతాయో కమిటీలవారు లెక్క చూడవచ్చును.

మరుసటి వేసవిలో ఆ కుర్రవాడు నేల పగులగొట్టి, క్రింద ప్లాస్టిక్ కాగితం, దానిపై రెండంగుళాల గట్టి థర్మోకోల్ పలకలు, గోడల అంచు వెంబడి కూడా అదే పొర వేసి, గొట్టాలు తిరిగి పరచి కాంక్రీటు పోశాడు. కిటికీకి వాళ్ళ నాయనమ్మ బొంత కుట్టి వ్రేలాడదీసింది. ఎండ కాచిన నాటి రాత్రి ఆమె కాంగ్రీ లేకుండా ఆ గదిలో నిద్రపోతున్నదట, మబ్బు పట్టిన నాడు మాత్రం అడిగి తెప్పించుకొంటుందట. ఇప్పుడు రెండవ గది నేల త్రవ్వుతున్నాడని మొన్న మిత్రుడు ఫోనులో చెప్పాడు. ఈసారి థర్మోకోల్ పలకలు ముందుగానే కొని మిద్దె మీద పెట్టుకొన్నాడట.