ఆటబొమ్మ చీర ఎవరిష్టం?

ఈ వారం కూరలు, పచ్చళ్ళు కాదు, పిల్లలు సెల్‌ఫోన్లో ఆడే వీడియో గేముల సంగతి. "మనకెందుకులే" అని పేజీ తిప్పెయ్యకండి. ఆడపిల్లలున్న ఇంటికి కావలసిన మాటే ఇది.

మా ఆదోనికి దగ్గర్లోనే ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మగ్గం ఉన్న ఇంట్లో కండెలు చుట్టేది ఆడవాళ్ళు. నేసిందెవరంటే మాత్రం మగవాడి పేరే చెప్తారు. గేముల్లోనూ అదే వరస.

ఆ ఊళ్ళోనే మా చెల్లెలి కూతురు, బొమ్మకింత అని తీసుకుని, గేములకి బొమ్మలు గీస్తుంది. కోటకి కాపలా కాసే వీరవనితకి చీర బిగించి కట్టి, చేతికి కత్తిచ్చి పంపింది. కంపెనీవాళ్ళు చీర సగం కోసేసి, నడుము గుప్పెడంత చేసి ఆటలో పెట్టారు. పక్కనున్న మగ వీరుడికి మాత్రం మెడ నుంచి మడమ దాకా కవచం! పిల్ల పేరు ఎక్కడా లేదు. అడిగితే, "బొమ్మ మాది, మా ఇష్టం" అన్నారట.

అంతా వాళ్ళ ఇష్టం కాదు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. జీతానికి చేసిన పనిమీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. కానీ 57వ సెక్షన్ ప్రకారం హక్కు అమ్మేసినా, "గీసింది నేనే" అని చెప్పుకునే హక్కు గీసినవాళ్ళదే. పరువుకి భంగం కలిగేలా బొమ్మను మారిస్తే అడ్డు చెప్పొచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. కోర్టులో రుజువు చెయ్యడం తేలిక కాదనుకోండి.

అమెరికాలో కెరోల్ షా అనే ఆవిడ 1978లో అటారి కంపెనీలో చేరి గేములు తయారుచేసింది. ఆడైనా మగైనా, చేసినవాళ్ళ పేరు అక్కడ వేసేవారు కాదు. అది నచ్చని కొందరు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. అక్కడ ఆవిడ చేసిన రివర్ రెయిడ్ 1982లో ఆవిడ పేరుతోనే వచ్చింది.

మీ పిల్లలు ఇలాంటి పనికి సంతకం పెట్టేముందు ఇవి చూసుకోండి:

● పేరు వేస్తామని రాశారా?
● హక్కు ఎన్నేళ్ళకి, ఏ దేశాలకి ఇస్తున్నారు? రాయకపోతే 5 ఏళ్ళు, మన దేశం వరకే.
● బొమ్మ మార్చేముందు అడుగుతారా?
● మొదటి బొమ్మ, పంపిన తేదీతో సహా దాచారా? కాపీరైటుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ రుజువు కావాలి.

మా పిల్ల తొలి బొమ్మ దాచుకుంది. పేరు వెయ్యమనీ, చీర మళ్ళీ కట్టమనీ ఉత్తరం రాసింది. జవాబు ఇంకా రాలేదు. పోపుడబ్బాలో నోట్లు దాచడం తెలిసిన మనం, పిల్లలకి కాగితాలు దాచడమూ నేర్పుదాం.