టీవీ ఆగిపోతే ఫైబరోణ్ని తిట్టేముందు మన గోడలోని వైరును చూడండి

ఈరోజు పోస్టు పంట గురించి కాదు, టీవీ గురించి. టీవీ గురించి ఇంత పొడుగు రాయాల్నా అనుకోవద్దండి. చివరిదాకా చదివితే విషయం టీవీ కంటే చానా పెద్దదని మీకే తెలుస్తాది.

మన పల్లెల్లో చానా ఇండ్లల్లో ఇప్పుడొక బాధ ఉండాది. ఫైబర్ డబ్బా ముందర పడసాలలో ఉంటాది, టీవీ లోపలి గదిలోనో మిద్దె పైనో ఉంటాది. ఫోన్లో యూట్యూబ్ బాగానే ఆడతాది, టీవీలో ఛానెలు పెడితే బొమ్మ ముక్కలై ఆగిపోతాది. ప్రొద్దుటూరు అంగట్లో అడిగితే దీనికొక మందు చెప్తాండారు. "పవర్‌లైన్ అడాప్టర్ల జత తీసుకో అన్నా. ఒకటి ఫైబర్ డబ్బా కాడ ప్లగ్గులో, ఇంకోటి టీవీ కాడ ప్లగ్గులో పెట్టు. నెట్టు కరెంటు వైర్లోనే పోతాది. గోడకు బొక్క కూడా పన్లేదు."

నేను చెప్పేది ఒకటే. ఆ మాట నమ్మి వేలు పోసి కొనొద్దు. ఆ వస్తువు మోసం కాదు. కానీ అది మన ఇండ్లను చూసి చేసింది కాదు.

"ఫైబర్ కూడా కరెంటు స్తంభాల మీదే కదప్పా వచ్చేది, ఇంట్లో కరెంటు తీగలో వస్తే తప్పేముంది?" అని కొందరు వాదిస్తారు. ఇక్కడే పప్పులో కాలేస్తాండాం. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను అన్నారు. తక్కువ ఖర్చుతో పల్లెలకు తేవాలని ఆ తీగను కరెంటు స్తంభాల మీదనే లాగినారు. కానీ స్తంభం మాత్రమే కరెంటుది. ఆ తీగ గాజుది, దాంట్లో పోయేది వెలుతురు. పక్కన ఎంత పెద్ద లైను ఉన్నా, ఎన్ని మోటార్లు తిరిగినా దానికి లెక్కలేదు. అట్ల వందల కిలోమీటర్లు చెక్కుచెదరకుండా వచ్చిన సిగ్నలును మన గడపలోకి వచ్చినాక ముప్పై అడుగుల్లో మనమే చంపుతాండాం.

ఎట్ల చంపుతాండామో చూడండి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతాది. అడాప్టరు పంపే సిగ్నలు 2 మెగాహెర్ట్జ్ నుంచి, అంటే సెకనుకు ఇరవై లక్షల ఊపుల నుంచి మొదలై, 28 దాకా, కొత్త రకాల్లో 86 మెగాహెర్ట్జ్ దాకా పోతాది. బల్బు వెలిగించే వైరుకు ఆ పని ఎవరూ చెప్పలేదు. పైపులో పోవాల్సిన నీళ్లను మట్టి కాలువలో వదిలినట్ల. ప్రతి జాయింటు కాడ కొంత ఇంకిపోతాది, ప్రతి బోర్డు కాడ కొంత పక్కకు పోతాది. చౌక ఎల్ఈడీ బల్బు, ఫోన్ ఛార్జరు, మిక్సీ దాంట్లో మురికి కలుపుతాయి.

బ్రిటన్‌లో బీటీ కంపెనీ తన టీవీ పెట్టెలతో పాటు ఈ అడాప్టర్లు ఇచ్చింది. అక్కడి ఇండ్లల్లో ప్రతి ప్లగ్గుకూ ఎర్త్ ఉంటాది, వైరింగుకు పద్ధతి ఉంటాది. అయినా పక్కింటి షార్ట్‌వేవ్ రేడియోలో గోల వస్తాందని రేడియోవాళ్లు కొట్లాడినారు. అక్కడి వీడియోలు చూసి మనం ఇక్కడ కొంటాండాం.

మన ఇల్లు ఎట్లుంటాది? జమ్మలమడుగు పక్క రాతి గోడలు, కింద నాపరాళ్లు. ఆ మందం గోడలను వైఫై దాటలేదు, అందుకే జనం ఈ అడాప్టర్ల వైపు చూస్తాండారు. వాళ్ల తప్పు కాదు. కానీ ఆ గోడ లోపల వైరింగు చూస్తే తాత కాలంలో ఒకటి, పెండ్లప్పుడు ఒకటి, ఏసీ పెట్టినప్పుడు ఒకటి, అన్నీ టేపు చుట్టి అతికిచ్చినవే.

ఇప్పటికే కొనేసినోళ్లు పారేయొద్దండి. ఈ వరసలో చూడండి.

మొదట రెండు అడాప్టర్లూ ఒకే గదిలో, పక్కపక్క గోడ ప్లగ్గుల్లో పెట్టండి. అక్కడ కూడా కలవకపోతే జత సరిగ్గా కట్టలేదని. ఒకదాని మీద పెయిర్ బటన్ నొక్కి, రెండు నిమిషాల లోపల రెండోదాని మీద నొక్కండి. అక్కడ బాగా ఆడి, టీవీ గదిలో ఆడకపోతే అడాప్టరుది కాదు, మధ్యలో వైరుది తప్పు.

రెండోది, స్టెబిలైజరు, స్పైక్ బస్టరు, పొడుగు ఎక్స్‌టెన్షన్ బోర్డు. వీటి వెనక అడాప్టరు పెట్టొద్దు. కరెంటులో మురికిని ఆపే పరికరం మీ సిగ్నలును కూడా మురికే అనుకుని మింగుతాది. నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాల.

మూడోది, ఇన్వర్టరు. మన ఇండ్లల్లో లైట్లు, ఫ్యాన్లు, టీవీ ఇన్వర్టరు లైను మీద ఉంటాయి, మిగతావి నేరుగా ఉంటాయి. ఒక అడాప్టరు ఈ లైనులో, ఇంకోటి ఆ లైనులో పడితే మధ్యలో ఇన్వర్టరు అడ్డం. కరెంటు పోతే ఒకటి బతికి ఒకటి చస్తాది. రెండూ ఒకే లైనులో ఉండాల.

నాలుగోది, ఫేజు. మూడు ఫేజుల సర్వీసు ఉన్న ఇంట్లో ముందు గది ఒక ఫేజు, వెనక గది ఇంకో ఫేజు ఉంటాది. ఒక ఫేజులోది ఇంకో ఫేజుకు సరిగ్గా దూకదు.

ఐదోది, అట్టపెట్టె మీద అంకె. 1200 అని రాసి ఉంటే అది కాగితం మీద లెక్క. చేతికి వచ్చేది దాంట్లో కొంతే. 600 అని రాసిన చానా రకాలకు కింద లాన్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది. నిజానికి ఒక హెచ్‌డీ ఛానెలుకు 10 ఎంబీపీఎస్ కూడా పట్టదు. టీవీకి కావాల్సింది వేగం కాదు, తెగని ధార. యూట్యూబ్ ముందే కొంత తొట్టిలో నింపుకుని ఆడతాది, అందుకే మధ్యలో రొంత తెగినా మనకు తెలీదు. లైవ్ ఛానెలు తొట్టి చానా చిన్నది, వచ్చింది వచ్చినట్ల ఆడాల. ధార తెగితే బొమ్మ తెగుతాది.

పులివెందుల పక్క తోటల్లో కొట్టం కాడ టీవీ పెట్టుకోవాలని కొందరు ఇంట్లో ఒకటి, చీనీ తోటలో ఒకటి అడాప్టరు పెడతామంటాండారు. ఇంటి లైను ఒక ట్రాన్స్‌ఫార్మరుది, మోటారు లైను ఇంకోదానిది. ట్రాన్స్‌ఫార్మరు దాటి ఈ సిగ్నలు పోదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

మరి దారేంది? లాన్ వైరు. 100 మీటర్ల దాకా ఏ పేచీ లేకుండా పోతాది. మీటరు వైరు పదుల రూపాయల్లో వస్తాది. గోడకు ఒక బొక్క, ఒక పైపు, ఒక పూట పని. కరెంటు వైరు పోయే పైపులో మాత్రం దూర్చొద్దు, వేరే పైపు వేయించండి. కొత్త ఇల్లు కట్టేవాళ్లు ప్రతి గదికీ ఒక ఖాళీ పైపు ఇప్పుడే పెట్టించండి. గుమ్మానికి టేకు చెక్కులకు లక్షలు పెడతాండాం, పైపుకు లెక్క చూస్తాండాం.

ఇప్పుడు అసలు మాట. ఈ అడాప్టర్లలో ఎక్కువ వేగం చెప్పే చానా రకాలు మూడో తీగను, అంటే ఎర్త్‌ను కూడా వాడుకుంటాయి. మన ఇండ్లల్లో మూడో బొక్క ఉంటాది, దాని వెనక తీగ ఉండాదా? ఎర్త్ గుంత తవ్వినారా? తవ్వినా ఎండాకాలం దాంట్లో ఒక బిందె నీళ్లు పోసినారా? కొన్నిచోట్ల న్యూట్రల్ లేకపోతే ఎర్త్‌నే న్యూట్రల్ చేసి లైటు వెలిగిస్తాండారు. ఆ తీగ యాడన్నా ఊడితే ఫ్రిజ్జు ఒళ్లంతా కరెంటే. తడి చేత్తో తలుపు తీసేది ఇంట్లో ఆడోళ్లు, పిల్లోళ్లు. ఇనుప గుంజకు కట్టేసిన బర్రె నోరు తెరిచి చెప్పలేదు.

అడాప్టరు ఆడకపోతే ఇల్లు ప్రమాదంలో ఉన్నట్లే అని నేను అనను. ఆడినా ఎర్త్ లేకుండా ఉండొచ్చు. కానీ టీవీ కోసం వేలు తీసిన చెయ్యి, ఎర్త్ కోసం ఎందుకు జేబులోకి పోదని అడుగుతాండా. ముద్దనూరు కాడ ఆర్టీపీపీలో కరెంటు పుట్టించుకునే జిల్లా మనది. ఆ కరెంటు మన ఇంట్లోకి వచ్చినాక ఎట్ల నడుస్తాందో ఎవరమూ చూడం.

అడాప్టర్లు కొనేముందు ఆ డబ్బుతో తెలిసిన ఎలక్ట్రీషియనును పిలిపించండి. ఎర్త్ చూపియ్యమనండి, జాయింట్లు విప్పి మళ్లీ బిగించమనండి, అదే పూట టీవీకి లాన్ వైరు లాగమనండి. ఆ పని అయినాక కూడా బొమ్మ ఆగితే, అప్పుడు ఫైబరోణ్ని తిట్టండి. నేను కూడా మీతో వచ్చి తిడతా.

మీ ఇంట్లో మూడో బొక్కలో ఎర్త్ ఉండాదో లేదో చూపించుకుని కింద రాయండి. ఉండాది, లేదు. ఒక్క మాట చాలు.